తగ్గలేదండీ

కృష్ణకుమారికి సూది అంటే భయం లేదు. ఇరవై ఆరేళ్లు సైన్యంలో సూదులు పొడిచిన మనిషితో కాపురం చేసింది. ఆమె భయమంతా సూది తీసేశాక వచ్చే పది నిమిషాల గురించి.

ఢిల్లీ జనక్‌పురిలో ఆ నొప్పుల క్లినిక్‌కు రావడం ఇది రెండోసారి. పోయిన వారం డాక్టర్ కల్పన చెప్పిన మాట వారమంతా ఆమెతోనే ఉంది. వంటింట్లో ఉంది, స్నానాల గదిలో ఉంది, పాలు పొంగే దాకా పొయ్యి దగ్గర నిలబడినప్పుడు ఉంది.

"మోకాలి కీలులకు మొద్దుబార్చే మందు ఒక్కటే ఎక్కిస్తనమ్మా. ఐదు పది నిమిషాలల్ల కీలు మొద్దుబారుతది. అప్పుడు మెట్లెక్కి చూడుండ్రి. నొప్పి పోయిందంటే అది కీలుదే. వచ్చే వారం అసలు మందు, స్టెరాయిడ్, అదే కీలుల ఇస్త. పోలేదనుకోండ్రి... అప్పుడు చూద్దాం."

డాక్టర్ సగంలో వదిలేసిన వాక్యాన్ని కృష్ణకుమారి ఇంటికెళ్లాక పూర్తి చేసుకుంది. పోలేదంటే నొప్పి మోకాల్లో లేదు. మోకాల్లో లేనిది ఇంకెక్కడుంటుంది? తలలో ఉంటుంది. తలలో ఉందంటే మూడేళ్లుగా తాను అందరినీ మోసం చేస్తున్నట్టు. తనను కూడా.

ఈ అనుమానం ఆమెకు ఉత్తినే పుట్టలేదు. మోకాలు కొద్దిగా అరిగింది, యాభై తొమ్మిదేళ్లకు మామూలే అన్నారు ఎక్స్‌రే చూసిన మొదటి డాక్టరు. ఇంత నొప్పి ఉండాల్సిన పనిలేదే అన్నారు రెండో ఆయన. మూడో ఆయన నవ్వుతూ, టెన్షన్ తీసుకోకండి మాతాజీ అని, రోజుకొకటి వేసుకోమని చిన్న తెల్ల మాత్ర రాశాడు. ఇంటికొచ్చాక భర్త హరనాథ్ ఆ మాత్రల అట్టను కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చదివి, "ఇది మనసుకిచ్చే మందు" అని చెప్పి, దాన్ని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. ఇంకేమీ అనలేదు.

అన్న మాట వేరొకటి ఉంది. ఆమెతో కాదు, మాణిక్యంతో. మాణిక్యం కూడా సైన్యంలోనే చేసి పాలంలో స్థిరపడిన మనిషి, వాళ్ల వీధే. ఒక ఆదివారం ఇద్దరూ బాల్కనీలో ఎండకు కూర్చున్నారు. మోకాలు ఎలా ఉందని మాణిక్యం అడిగినట్టున్నాడు. హరనాథ్ గొంతు తగ్గించి, "ఏటుంటాది, అదొక ఎం.ఐ. రూమ్ నొప్పి" అన్నాడు. టీ కప్పులతో తలుపు దాకా వచ్చిన కృష్ణకుమారి అక్కడే ఆగిపోయింది.

ఆ మాటకు అర్థం ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. ఎం.ఐ. రూమ్ అంటే పటాలంలో ఉండే చిన్న దవాఖానా. హరనాథ్ అక్కడ నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదారుగా దిగాడు. పొద్దున్నే పరుగు తప్పించుకోవాలనుకున్న జవాన్లు కడుపునొప్పి, నడుంనొప్పి అంటూ ఆ గుమ్మం ముందు వరస కడతారు. డాక్టరుగారు వచ్చేలోపు నిజం నొప్పిని, నాటకం నొప్పిని వేరు చేయడం హరనాథ్ పని. అందులో తనంతటివాడు లేడని ఆయనకు గర్వం. సెలవుల గురించి మాట్లాడిస్తే కుంటడం మరిచిపోతారట. పెన్ను కింద పడేసి తియ్యమంటే నడుంనొప్పివాడు టక్కున వంగి తీస్తాడట. పెళ్లయిన కొత్తలో ఈ కథలకు ఆమె పడీపడీ నవ్వేది.

ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే ఆమె మోకాలికి వేడి నూనె రాశాడు. ఆ చేతుల్లో అనుమానం లేదు. మాటను నమ్మాలో చేతులను నమ్మాలో ఆమెకు తెలియలేదు.

అప్పటినుంచి తనను తాను కనిపెట్టి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కువ కుంటుతున్నానా? ఆయన బజారుకు వెళ్లగానే హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి చూసుకునేది. నొప్పి అంతే ఉండేది. అయినా మనసు ఒప్పుకునేది కాదు. తనను తాను మోసం చేసుకునే మనిషికి ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నొప్పి పుట్టదా? నాటకం బాగా అలవాటైపోతే చూసేవాళ్లతో పనేముంది? ఇలా ఆలోచించి ఆలోచించి, నొప్పి వచ్చిన ప్రతిసారీ ముందు దాన్ని ప్రశ్నించేది, తర్వాత బాధపడేది. రెండు పనులు చేయాల్సి రావడంతో అలసిపోయేది.

"కృష్ణా కుమారీ జీ! ఆంటీ, అందర్ ఆ జాయియే" అని సిస్టర్ లోపలికి పిలిచింది.

హరనాథ్ ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. "నడు. నిదానంగా. తొందరేటీ లేదు, యుద్ధానికెల్తన్నావా?"

డాక్టర్ కల్పనది వరంగల్. నలభై అయిదేళ్లుంటాయి. ఢిల్లీలో తెలుగు డాక్టరు దొరికిందని మాణిక్యమే కనిపెట్టి చెప్పాడు. గొంతు పెద్దది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుకుతుంది.

"రాండ్రమ్మా, పడుకోండ్రి. సుబేదార్ సాబ్, మీరు బయట కూసుంటరా?"

"నేనుంటానమ్మా. వేల సూదులు ఏసిన చెయ్యి ఇది."

"అట్ల పక్కన నిలబడి చూస్తే నా చెయ్యి వణుకుతది మరి. తప్పు మీ మీదికే వస్తది."

"ఏ గేజీ సూది అమ్మా, ఎంత లావు?"

"చూసిండ్రా, అప్పుడే ఇన్‌స్పెక్షన్ మొదలైంది!"

మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టారు. గోధుమరంగు మందుతో తుడిచారు, చల్లగా తగిలింది. స్కానింగ్ యంత్రం తెర మీద బూడిదరంగు మేఘాలు కదిలాయి. ఊపిరి వదలమంది డాక్టరు. చురుక్కుమంది, తర్వాత లోపల ఏదో బరువుగా నిండినట్టయింది. అంతే. సూది బయటికి వచ్చింది, దూది పడింది.

"తగ్గిపోయిందమ్మా" అంది కృష్ణకుమారి. "మీ హస్తవాసి మంచిది."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే ఆమె విన్నది. డాక్టర్ చెయ్యి దూది మీద ఆగింది.

"అప్పుడే తగ్గిందా?"

"ఆ... తేలిగ్గా ఉంది."

డాక్టర్ గోడ గడియారం వైపు చూసింది. "మందు పనిచేయనీకి ఐదు నిమిషాలన్న పడతదమ్మా. మీకు అర నిమిషంల తగ్గింది. నా చెయ్యి గంత గొప్పదేం గాదు."

కృష్ణకుమారి ముఖం వేడెక్కింది. అబద్ధం ఆడాలని అనలేదు. శ్రీకాకుళంలో ఆమె చిన్నప్పుడు జ్వరం వస్తే సైకిల్ మీద డాక్టరుగారు వచ్చేవారు. మందిచ్చి ఆయన ఇంకా గుమ్మం దాటక ముందే అమ్మ, "మీ చెయ్యి పడింది, సగం తగ్గిపోయిందండీ" అనేది. ఆయన సంతోషంగా సైకిలెక్కేవారు. జ్వరం నాలుగు రోజులు ఉండేది. తగ్గలేదు అంటే మందును అన్నట్టు కాదు, ఆ మనిషి చేతిని అన్నట్టు. చెయ్యి మంచిది కాదన్నాక ఆ డాక్టరు మొహం మళ్లీ ఎలా చూడాలి? అమ్మ ఈ సంగతి ఎప్పుడూ నేర్పలేదు. నేర్పకుండానే వచ్చేసింది.

డాక్టర్ ఫైలు తిరగేస్తోంది. "ఫిజియోథెరపీ, సగం తగ్గింది. మోకాలి బెల్టు, తగ్గింది. పోయినేడు గుజ్జు ఇంజెక్షన్, బాగా తగ్గింది. ఇన్నిసార్లు తగ్గితే ఈపాటికి మీరు పరుగు పందెంల ఉండాలె కదా!"

హరనాథ్ కుర్చీలోంచి ముందుకు జరిగాడు. "అదేనమ్మా నేననేది! ఇక్కడ తగ్గిందంటాది. ఇంటికొచ్చి గోడ పట్టుకుంటాది. ఏది నిజమనుకోవాలి?"

గుజ్జు ఇంజెక్షన్ సంగతి కృష్ణకుమారికి బాగా గుర్తుంది. ఆ డాక్టరు వరండాలోకి వచ్చి, పదిమంది రోగుల ముందు, ఎలా ఉందమ్మా అని అడిగారు. ఆయన ముఖంలో చిన్నపిల్లాడి ఆశ కనిపించింది. బాగా తగ్గిందండీ అంది. ఆయన వెంటనే పక్కనున్నావిడ వైపు తిరిగి, చూశారా అన్నారు. అప్పటికి కాలు సలుపుతూనే ఉంది.

"సరే" అంది డాక్టర్. "పది నిమిషాలు కూసోండ్రి. తర్వాత సిస్టర్‌తోని పొయ్యి ఒక అంతస్తు ఎక్కి దిగి రాండ్రి. సాబ్, మీరు ఇక్కడ్నే ఉండుండ్రి. అమ్మా, ఒక్క మాట. నన్ను సంతోషపెట్టే పని మా ఇంట్ల వాళ్లు చూసుకుంటరు. మీరు నాకు నిజం తెచ్చియ్యుండ్రి, చాలు."

పది నిమిషాలయ్యాక మెట్ల దగ్గరికి తీసుకెళ్లి సిస్టర్ ఫోన్ చూసుకుంటూ కింద ఆగింది. కృష్ణకుమారి కమ్మీ పట్టుకుంది. మోకాలు తనది కానట్టుంది. వేలితో నొక్కితే ఎవరి కాలో నొక్కినట్టుంది. మందు పనిచేసింది. సందేహం లేదు.

కుడికాలు మొదటి మెట్టు మీద వేసి ఒళ్లు పైకి లేపింది.

నొప్పి వచ్చింది. అదే నొప్పి, అదే చోట, మోకాలి లోపలి వైపు. మూడేళ్లుగా ఎంత ఉందో అంతే. మొద్దుబారిన మోకాల్లోంచి అది ఎలా వస్తోందో అర్థం కాలేదు. రెండో మెట్టు. మూడో మెట్టు. ప్రతి మెట్టు మీదా ఉంది. మలుపు దగ్గర కిటికీ ఉంటే అక్కడ ఆగింది. బయట వంతెన మీద మెట్రో రైలు మెల్లగా వంపు తిరుగుతోంది.

అయిపోయింది అనుకుంది. పరీక్ష తప్పాను.

కిందికి వెళ్లి ఏం చెప్పాలి? తగ్గిందంటే వచ్చే వారం స్టెరాయిడ్ ఇస్తారు. హరనాథ్ తన మాట వెనక్కి తీసుకుంటాడు. నొప్పి మోకాలిదేనని తేలుతుంది. తగ్గలేదంటే మాత్రం మాతాజీ, టెన్షన్, తెల్ల మాత్ర. అబద్ధం చెబితే నిజమైన మనిషిగా మిగులుతుంది. నిజం చెబితే అబద్ధాలకోరుగా తేలుతుంది. ఇంత చిత్రమైన తూకం ఎవరికైనా వస్తుందా అనిపించి కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంది.

కాలు మార్చుకుని నిలబడింది. మళ్లీ కలుక్కుమంది. సరిగ్గా అప్పుడే ఆమెకు ఒక సంగతి తట్టింది.

ఈ వారమంతా ఆమె కోరుకున్నది ఒక్కటే: ఈ పది నిమిషాలు నొప్పి పోవాలని. దేవుణ్ణి అడిగింది, మోకాలిని అడిగింది. ఇప్పుడు ఈ మెట్ల మీద నొప్పి ఉండటం వల్ల ఆమెకు ఏ లాభమూ లేదు. జాలిపడేవాళ్లు లేరు. చూసేవాళ్లు లేరు. సిస్టర్ కూడా ఫోన్లో ఉంది. పైగా ఈ నొప్పి ఆమె పరువు తీయబోతోంది. ఇది తాను పుట్టించుకున్నదే అయితే ఈ ఒక్కరోజు ఆపగలిగి ఉండేది. మనసారా ఆపాలనుకున్నా ఆగలేదు. ఆమె మాట వినలేదు.

అంటే ఇది నాది కాదు, అనుకుంది. నాకు వచ్చిందే గానీ నేను తెచ్చుకున్నది కాదు.

ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. డాక్టర్లు ఏమంటారో తెలియదు. అయినా మూడేళ్లుగా ఛాతీ మీద కూర్చున్న బరువేదో ఆ మలుపులో దిగిపోయింది. ఏడుపు రాలేదు. పెద్దగా ఊపిరి తీసుకుంది, రైలు కనుమరుగయ్యే దాకా చూసింది, కమ్మీ పట్టుకుని నిదానంగా దిగింది.

గదిలోకి వెళ్లేసరికి ఇద్దరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"తగ్గలేదండీ" అంది.

"కొంచెం గూడ?"

"కొంచెం కూడా లేదు. మోకాలు మొద్దుబారింది, అది నిజమే. నొప్పి మాత్రం ముందెంతో ఇప్పుడూ అంతే."

డాక్టర్ ముఖం చిన్నబోతుందని ఎదురుచూసింది. చిన్నబోలేదు. కళ్లజోడు నెత్తిమీంచి కళ్ల మీదికి దిగింది.

"మంచిగయింది" అంది డాక్టర్.

"ఏటి మంచిగయిందమ్మా?" అన్నాడు హరనాథ్. "తగ్గలేదంటంది కదా."

"గందుకే. పడుకోండ్రమ్మా."

డాక్టర్ ఆమె కుడికాలిని తొడ దగ్గర పైకెత్తి, మోకాలిని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, పాదాన్ని బయటికి తిప్పింది. తొడ లోపలికి తిరిగింది.

"అమ్మా!"

"ఎక్కడ?"

"మోకాల్లోనే! అక్కడే!"

"మోకాలు నేను కదపలే. తుంటి తిప్పిన." ఇంకోసారి, మెల్లగా తిప్పింది. కాలు కొంచెం దూరం వెళ్లి ఇక తిరగనంది. ఎడమకాలు సులువుగా తిరిగింది. "చెప్పుండ్రి, కాలి గోర్లు మీరే తీసుకుంటరా?"

కృష్ణకుమారి సిగ్గుపడింది. "లేదమ్మా. పాదం అందట్లేదు. లావయ్యాను కదా అనుకున్నాను. ఏడాదిగా ఆయనే తీస్తున్నారు."

డాక్టర్ హరనాథ్ వైపు చూసింది. ఆయన తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

కిందనే ఎక్స్‌రే తీశారు. అరగంటలో బొమ్మ డాక్టర్ కంప్యూటర్లోకి వచ్చింది. ఎడమ తుంటిలో బంతిలాంటి తొడ ఎముక తలకీ, అది కూర్చునే గిన్నెకీ మధ్య నల్లని సందు చక్కగా ఉంది. కుడివైపు ఆ సందు దాదాపు లేదు. ఎముక మీద ఎముక కూర్చుంది, అంచులు గరుకుగా పెరిగాయి. చదువు లేనివాళ్లకైనా తేడా తెలుస్తుంది.

"ఇగో, ఇది మీ నొప్పి" అంది డాక్టర్. "తుంటి కీలు అరిగింది. తుంటికి, మోకాలికి పొయ్యే నరాలు ఒక్కతాన్నుంచే వస్తయి. మెదడుకు అడ్రస్ సరిగ్గ తెల్వదు. తుంటిల మంట లేస్తే మోకాల్ల అని చెప్తది. మోకాలికి ఎన్ని మందులు పోసినా ఏమొస్తది?"

"అంటే తలలో ఉందన్న మాట కొంచెం నిజమేనన్నమాట" అంది కృష్ణకుమారి. అని తనే నవ్వింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది.

"గట్లనే అనుకోండ్రి! మంట నిజం, చిరునామా తప్పు." డాక్టర్ ఫైలు మూసింది. "నాది గూడ తప్పుంది. మొదటి రోజే తుంటి చూడాల్సి ఉండె. ఫైల్ నిండ మోకాలు, తగ్గింది, మోకాలు, తగ్గింది అని ఉంటే, మందు సరైన తాననే పడుతుందనుకున్న. మీరు ఒక్కసారి తగ్గలేదని చెప్పి ఉంటే మూడేళ్ల కిందనే ఎవరో ఒకరు పైకి చూసేటోళ్లు."

కృష్ణకుమారి తల ఊపింది. ఆ మాట గుచ్చుకుంది. అయినా అది ఓర్చుకోగలిగిన బాధలా అనిపించింది. దానికి కారణం ఉంది, చోటు ఉంది.

ఇంటికి వెళ్లే క్యాబ్‌లో హరనాథ్ ఫైలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పాలం వంతెన దగ్గర సిగ్నల్ పడింది. డ్రైవరు రేడియోలో ఎవరో హిందీలో చలి తగ్గుతోందని చెబుతున్నారు.

"గోళ్లు నేనే తీసినాను కదే" అన్నాడు. "ఏడాది పాటు. ఆ కాలు నా ఒళ్లో పెట్టుకుని. అది సరిగా తిరగట్లేదని నా చేతికి తెలుస్తానే ఉంది. కుడికాలికి పక్కకి జరిగి కూకునేవోడిని. ఎందుకు జరుగుతన్నానో ఒక్కనాడు ఆలోచించలేదు."

"మీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలవకపోతే ఇంకెవలికి తెలుస్తాదే? ఇరవై ఆరేళ్లు ఏటి చేసినాను మరి?"

ఆమె రోడ్డు వైపు చూసింది. ఈరోజు నోటికి ఒక తలుపు తెరుచుకుంది. ఇంటికి వెళ్లేలోగా అది మళ్లీ మూసుకుపోతుందేమోనని భయం వేసింది.

"మాణిక్యం గారితో బాల్కనీలో మీరన్న మాట విన్నాను" అంది.

"ఏ మాట?"

"ఎం.ఐ. రూమ్ నొప్పి."

హరనాథ్ ముఖం అటు తిప్పుకున్నాడు. సిగ్నల్ మారింది, కారు కదిలింది.

"అప్పుడే అడగొచ్చు కదా."

"అడిగితే మీరు అలా అనలేదనేవారు. నేను సరే అనేదాన్ని."

ఇంకో వీధి దాటాక, "తప్పయిపోనాది, కృష్ణా" అన్నాడు.

ఫర్వాలేదు లెండి అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్లనుంచి, ముప్పయ్యేళ్లనుంచి ఇలాంటి చోట వచ్చే మాటే. ఈసారి దాన్ని లోపలే ఆపింది. ఫర్వా ఉంది. ఉన్నంతకాలం ఉంటుంది. ఉందని ఆయనకు తెలిసింది, ఇవాళ్టికి అది చాలు.

కారు వాళ్ల వీధి మొగలో ఆగాక మాత్రం అంది, "పెన్ను కింద పడేసి తియ్యమనలేదు, నయం."

హరనాథ్ నవ్వబోయి, నవ్వలేక, రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత పది రోజులూ నొప్పి తగ్గలేదు. మెట్లు మెట్లే, వాళ్లుండే మూడో అంతస్తు మూడో అంతస్తే. అయితే నొప్పి వచ్చినప్పుడు ఇప్పుడు దాన్ని ప్రశ్నించడం లేదు. వచ్చావా, కూర్చో అంటోంది. ప్రశ్నించడం మానేశాక నొప్పి కొంచెం చిన్నదిగా కనిపించింది. లేక తాను కొంచెం పెద్దదయిందేమో. ఏదని తేల్చుకోవాల్సిన అవసరం కూడా తోచలేదు.

తుంటి ఇంజెక్షన్ రోజున డాక్టర్ అన్నీ ముందే చెప్పింది. స్టెరాయిడ్‌తో పాటు మొద్దుబార్చే మందు కూడా కలుపుతుంది. ఆ మొద్దు కొన్ని గంటలుంటుంది, అది దిగాక నొప్పి మళ్లీ రావచ్చు, కంగారు పడొద్దు, స్టెరాయిడ్ పట్టుకోవడానికి కొద్ది రోజులు కావాలి. తర్వాత కొన్ని వారాలో, కొన్ని నెలలో హాయిగా ఉంటుంది. అరిగిన ఎముక మళ్లీ పెరగదు. ఈ హాయిలో వ్యాయామం చేసి కండ బలపరచుకోవాలి. ఎప్పటికో ఆపరేషన్ కావాల్సి రావచ్చు.

"షుగర్ ఉంది గద, నాలుగైదు రోజులు పెరుగుతది. చూసుకోవాలె."

"పొద్దున, మద్దేనం, రేత్రి చూస్తానమ్మా" అన్నాడు హరనాథ్. "కాయితం మీద గీతలు గీసి ఉంచినాను."

"ఊహించిన."

ఈసారి సూది పొడుగ్గా ఉంది. గజ్జల దగ్గర, తెర మీద దారి చూసుకుంటూ, మెల్లగా లోపలికి వెళ్లింది. కృష్ణకుమారి తల తిప్పి చూసింది. వేల సూదులు వేసిన మనిషి గోడ మీదున్న క్యాలెండర్‌ను శ్రద్ధగా చదువుతున్నాడు.

సూది బయటికి వచ్చింది. దూది పడింది. డాక్టర్ ఆమె వైపు చూస్తూ నిలబడింది. కృష్ణకుమారి కూడా డాక్టర్‌ను చూసి ఊరుకుంది.

"ఏమన్న చెప్తరా?" అంది డాక్టర్.

"ఇంకా అర నిమిషమే అయింది కదమ్మా."

డాక్టర్ గట్టిగా నవ్వింది.

అరగంట కూర్చున్నాక అందరూ మెట్ల దగ్గరికి వచ్చారు. కాలు బలహీనంగా అనిపిస్తే వెంటనే ఆగాలని, కమ్మీ వదలొద్దని డాక్టర్ రెండుసార్లు చెప్పింది. సిస్టర్ వెనకే ఎక్కింది. హరనాథ్ కింద, మొదటి మెట్టు పక్కన, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

కుడికాలు వేసి ఒళ్లు పైకి లేపింది. నొప్పి వచ్చే చోటు ఆమెకు తెలుసు. అక్కడికి వెళ్లి నిలబడినట్టు, లోపల చూసింది. ఎవరూ లేరు. రెండో మెట్టు మీద కూడా లేరు. మూడో మెట్టు మీద మోకాలి లోపల చిన్న నలత ఏదో కదిలి పోయింది. అది మోకాలి సొంతది, కొద్దిగా అరిగిన దానికి ఉండాల్సినంతే ఉంది. నాలుగు, అయిదు, ఆరు. కాలు కాలులా పైకి వెళ్తోంది. ఇంతకాలం ప్రతి మెట్టుకూ ముందుగా ఒళ్లంతా బిగపట్టుకునేదని, ఇప్పుడు ఆ బిగువు పనిలేక వదులవుతుంటే తెలిసింది. భుజాలు దిగాయి. పళ్లు విడిపడ్డాయి. తన ఒంట్లో ఇన్ని చోట్ల కాపలా పెట్టుకున్నానా అని ఆశ్చర్యపోయింది.

మలుపు దాటి పై అంతస్తుకు చేరింది. చెప్పిన లెక్క అక్కడితో అయిపోయింది.

"ఏటే, తగ్గిందా?" కిందినుంచి హరనాథ్ గొంతు వచ్చింది. అందులో ఆత్రం దాగలేదు.

తగ్గింది. దాదాపు అంతా తగ్గింది. ఆ మాట నోటి దగ్గరే ఉంది, ఈసారి నిజంగానే ఉంది. ఆయన ముఖం వెలిగిపోతుంది, డాక్టర్ ముఖం వెలిగిపోతుంది. కృష్ణకుమారి కమ్మీ మీద చెయ్యి అలాగే ఉంచి ఇంకో మెట్టు వైపు చూసింది.

"ఉండండి" అంది. "ఇంకా చూసుకుంటున్నాను."